రేవు సిందూరం

మధ్యాహ్నం గంట కొట్టి, రంగు పనివాళ్ళు పడవ నీడలో సద్దిమూటలు విప్పేసరికి స్టోరు గుమ్మంలో పట్టాభిరామయ్య నిలబడి ఉండాలి. సంధ్యావందనం ఒకపూట తప్పినా తప్పవచ్చు గాని ఇది తప్పడానికి వీల్లేదు. బందరు రేవులో ఓడలకి సరుకు చేరవేసే పడవల కంపెనీకి ఆయన స్టోరుకీపరు. మేకు మొదలు లంగరు గొలుసు దాకా ఆయన తాళంచెవి తిరగందే ఏదీ బయటికి రాదు. పనివాళ్ళని తిట్టే అధికారం మాత్రం కంపెనీ ఇచ్చింది కాదు, ఆయనే తీసుకున్నాడు.

"ఒరే మోషే, ఆ చేత్తోనే ముద్ద నోట్లో పెట్టుకుంటున్నావా? అది మట్టి కాదురా, సీసం. కడుపు కట్టుకుపోయి, మూర్ఛలొచ్చి చస్తావు."

మోషే పొడుగాటి మనిషి, మాట తక్కువ. "చిత్తం అయ్యగారూ" అని మోచేతుల దాకా ఎర్రగా ఉన్న చేతుల్ని పక్కనున్న ఇసకలో రుద్ది, తువ్వాలుకి తుడిచి, మళ్ళీ ముద్ద ఎత్తుతాడు. ఇసకకి అంతో ఇంతో రాలుతుంది గాని గోళ్ళలోదీ గీతల్లోదీ ఎక్కడికి పోతుంది? పట్టాభిరామయ్యకి అదంతా అనవసరం. చెప్పాల్సింది చెప్పేశాడు, ఆయన ధర్మం ఆయన నెరవేర్చాడు.

ఆ ఎరుపు సీమనుంచి డబ్బాల్లో వచ్చే సీసం పొడి. చూడ్డానికి చిన్న డబ్బా, ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. అవిసెనూనెలో కలిపి పడవ అడుగున చెక్కల సందుల్లోనూ మేకుల మీదా పూస్తే ఇనుముకి తుప్పు పట్టదు, చెక్కని పురుగు తొలవదు. పనివాళ్ళు దాన్ని ఎర్రమందు అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దొర ఆయన్ని ఎదురుగా నిలబెట్టుకుని దాని గుణాలన్నీ చెప్పాడు. అది పొట్టలో పడితే ఒక పట్టాన బయటికి పోదు. మనిషి పాలిపోతాడు, కడుపు మెలిపెట్టేస్తుంది, మణికట్టు వాలిపోతుంది, మరీ ముదిరితే మూర్ఛలు. అందుకే రంగు పనివాళ్ళ చేతులకని కంపెనీ మందు వాసన కొట్టే ఎర్రటి కార్బాలిక్ సబ్బు పెట్టెలకి పెట్టెలు పంపిస్తుంది.

ఆ సబ్బు రేవు దాకా వస్తుంది, పనివాళ్ళ దాకా రాదు. ఒడ్డున ఇంత ఇసక ఉండగా వీళ్ళకి సీమ సబ్బెందుకని పట్టాభిరామయ్య తీర్పు. సాయంత్రం తాళం వేసి బయల్దేరేటప్పుడు ఒకటో రెండో ఆయన సంచిలో పడతాయి. రేవుకి కూతవేటు దూరంలో కంపెనీ ఇచ్చిన ఇంట్లో, దొడ్లో నూతిగట్టు మీద, ఆ ఎర్రసబ్బు ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

శనివారం నాడు సంచిలో సబ్బుతో పాటు ఇంకో పొట్లం కూడా పడుతుంది. డబ్బా అడుగున మిగిలిన ఎర్రపొడి తెల్లటి గుడ్డలో మూటగట్టి, కోట దారిలో ఉన్న ఆంజనేయస్వామికి పట్టుకెళ్తాడు. అర్చకుడు నరసింహాచార్యులు దాన్ని నూనెలో కలిపి విగ్రహానికి పూస్తాడు. ఇదివరకు బజారు సరుకుతో వెలవెలబోతుండే స్వామి ఇప్పుడు గుడి తలుపు తీయగానే కళ్ళు చెదిరేలా ఉంటాడు. వచ్చినవాళ్ళంతా పట్టాభిరామయ్యగారి సిందూరం అని చెప్పుకుంటూ ఇంటికింత పట్టుకెళ్తారు. ఆ మాట వినబడితే ఆయన వినబడనట్టు నడుస్తాడు, నడక మాత్రం నెమ్మదిస్తుంది.

ఒకటే డబ్బా. స్టోరు తలుపుకి లోపల అది సీసం, తలుపు దాటితే సిందూరం. ఆ గడప మీద దానికేం జరిగిందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. చదువుకున్న మనిషే, దొరతో ఇంగ్లీషులో మాట్లాడగలడు. అయినా అనుకోలేదు.

*

ఆ వేసవిలో కూతురు సత్యవతి గుడివాడ నుంచి పిల్లని తీసుకుని పుట్టింటికి వచ్చింది. పిల్ల పేరు ఉమామహేశ్వరి. అంత పేరు మొయ్యలేని రెండేళ్ళ పిల్ల, అందరికీ ఉమ. ఇంట్లో అందరికంటే తాత అంటేనే దానికి లోకువ. ఆయన రేవునుంచి రాగానే "తాతా" అంటూ పంచె కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడేది. రేవంతా హడలిపోయే మనిషి ఆ పిల్ల ఏడుస్తుందని మీసాలు తీయించేశాడు.

ఇంట్లో ఆవు ఉంది. పాక ఊడ్చి, పేడ తీసి, గడ్డి వెయ్యడానికి మోషే భార్య రూతు దొడ్డిదారిన వచ్చేది. పట్టాభిరామయ్య భార్య కనకదుర్గమ్మ దానికొక కట్టడి పెట్టింది. దొడ్లో అడుగు పెట్టగానే నూతిగట్టు దగ్గర ఎర్రసబ్బుతో చేతులూ కాళ్ళూ కడుక్కోవాలి, ఆ తర్వాతే ఆవు గడ్డి ముట్టుకోవాలి. నీళ్ళు ఆవిడే, తగలకుండా, ఎత్తునుంచి పోసేది. పేడ తియ్యడానికి ముందు చేతులు కడుక్కోవడం ఏమిటని రూతు ఎన్నడూ అడగలేదు. అడిగే మనిషైతే ఆ దొడ్లో ఏనాడో పని పోయేది.

ఒక ఉదయం దొడ్లోంచి పెద్ద కేక వినబడి కనకదుర్గమ్మ పరుగెత్తుకెళ్ళింది. గడ్డిబుట్ట బోర్లా పడి ఉంది. రూతు ఉమ రెక్క పట్టుకుని గాల్లోకి లేపి అరుగు మీదికి చేరుస్తోంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పాము అమ్మగారూ, గడ్డిలోంచి పిల్ల మీదికే వచ్చిందని రూతు చెప్పింది. కనకదుర్గమ్మ గడ్డంతా కర్రతో కెలికించింది. పామూ లేదు, దాని జాడా లేదు. ఆవిడకి కనబడిందల్లా మనవరాలి రెక్క మీద రూతు వేళ్ళ గుర్తులు.

ఆ రాత్రి పిల్లకి ఒళ్ళు వెచ్చబడింది. జడుపు జ్వరమన్నారు. పాము మాట అబద్ధమనీ, ఒంటిమీది బంగారం చూసి అది చెయ్యి వేసిందనీ, ముట్టుకోవడంతోటే దాని కళ్ళు పడ్డాయనీ కనకదుర్గమ్మ తేల్చేసింది. సత్యవతి ఒక్కతే, పాము ఉండి ఉండచ్చేమోనమ్మా అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు రూతు దొడ్డి తలుపు తట్టితే తీయలేదు. లోపలినుంచే, ఇంక రావద్దు పొమ్మన్నారు.

పట్టాభిరామయ్య అంతటితో ఊరుకోలేదు. ఊరుకుంటే ఆయనెందుకవుతాడు? రేవులో మోషేని కొత్త పడవ రంగు పనినుంచి తీసి, ఒడ్డెక్కించిన పాత పడవ కడుపులో ఎండిపోయిన రంగు గీకే పనికి వేయించాడు. బోర్లా పడుకున్న ఏనుగంత పడవ అది. గాలి చొరబడదు. గీకుతుంటే ఎర్రటి దుమ్ము పైకి లేచి కంట్లోనూ ముక్కులోనూ పడుతుంది. ఆ పనికి మామూలుగా మనుషుల్ని పూటపూటకీ మారుస్తారు. మోషేని మార్చవద్దని మేస్త్రీకి చెప్పాడు.

ఇంట్లో మందు మొదలైంది. జడుపుకి స్వామి సిందూరాన్ని మించింది లేదు. బొట్టు పెట్టి, చిటికెడు తేనెలో రంగరించి నాలిక్కి రాయాలి. మంచి సిందూరం కావాలంటే ఇంకెవరినో అడగాలా? శనివారం దాకా కూడా ఆగకుండా పట్టాభిరామయ్య స్టోరునుంచే పొట్లం తెచ్చి, స్వామి పాదాల దగ్గర ఒక క్షణం పెట్టించి ఇంటికి పట్టుకొచ్చాడు. పొద్దునా సాయంత్రం తనే స్నానం చేసి, తడిబట్టతో, వెండిగిన్నెలో తేనె కలిపి, ఉంగరం వేలితో నాకించేవాడు. తాత చేత్తో తేనె గనుక పిల్ల వేలు చప్పరించేది.

జ్వరం తగ్గిపోయింది. సిందూరం గుణం చూశారా అన్నాడు. మళ్ళీ రాకుండా ఇంకొన్నాళ్ళు వేయమంది కనకదుర్గమ్మ.

ఆ తర్వాత పిల్ల పాలు తాగడం మానేసింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. విరేచనం కావడం లేదు. ఆముదం పడితే కక్కింది. మొహం సున్నం వేసినట్టు తెల్లబోయింది. జడుపు ఇంకా లోపలే ఉందని, సిందూరం చిటికెడు చాలడం లేదని, మధ్యాహ్నం కూడా వేయడం మొదలుపెట్టారు. ఏడిస్తే వేశారు, ఉలిక్కిపడితే వేశారు. ఆస్పత్రికి తీసుకెళ్దాం నాన్నా అని సత్యవతి రెండు మూడుసార్లు అడిగింది. జడుపుకి డాక్టర్లేం చేస్తారని ఆయన కసిరాడు. పిల్ల మూలిగినప్పుడల్లా కనకదుర్గమ్మ రూతుని దాని వంశంతో సహా తిట్టిపోసేది. పట్టాభిరామయ్య పైకి తిట్టకుండా పొద్దున్నే రేవుకి వెళ్ళి పాత పడవ దగ్గర నిలబడి, లోపల గీకుతున్న చప్పుడు వినబడుతోందో లేదో చూసుకునేవాడు.

*

ఒకనాటి తెల్లవారుఝామున ఉమ కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయి. కళ్ళు పైకి తేలేసింది, పెదవుల దగ్గర నురగ వచ్చింది. కాసేపటికి తేరుకుంది గాని ఎవరినీ గుర్తుపట్టలేదు. సత్యవతి పిల్లని ఒళ్ళో వేసుకుని గోడకి ఆనుకుని కూచుండిపోయింది. పొట్లం అయిపోయిందండీ, పొద్దున్నే వెళ్ళి కొత్తది పట్టుకురండి అని కనకదుర్గమ్మ ఆయన్ని పంపించింది.

రేవుకి వచ్చి స్టోరు తెరిస్తే ఎవరో మేకులన్నారు, ఎవరో తాడన్నారు, ఓడ వచ్చిందన్నారు. తీరిక చిక్కేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కొత్త డబ్బా మూత పగలగొట్టి, గరిటెతో ఎర్రపొడి తీసి తెల్లగుడ్డలో పోశాడు. అంగవస్త్రం మడిచి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పొడి తీసేటప్పుడు ఎప్పుడూ అలాగే పెట్టుకుంటాడు, దొర నేర్పిన అలవాటు. మూట ముడివేసి గుమ్మంలోకి వచ్చేసరికి గంట కొట్టారు.

పాత పడవ పక్కన మోషే కూచుని ఉన్నాడు. కనురెప్పల వెంట్రుకల మీద కూడా ఎర్రదుమ్మే. సద్దిమూట విప్పి ముద్ద కలుపుతున్నాడు. పట్టాభిరామయ్య నోరు ఆయన ప్రమేయం లేకుండానే తెరుచుకుంది.

"ఒరే మోషే, ఆ చేత్తోనే ముద్ద నోట్లో పెట్టుకుంటున్నావా? అది మట్టి కాదురా, సీసం. కడుపు కట్టుకుపోయి, మూర్ఛలొచ్చి..."

అక్కడ మాట ఆగిపోయింది. చేతిలో మూట బరువుగా ఉంది. రోజూ అనే మాటే, ఇన్నేళ్ళుగా అంటున్న మాటే, మొదటిసారి ఆయన చెవిన పడింది.

మోషే ముద్ద పట్టుకుని ఇంకా ఎదురు చూస్తున్నాడు. రోజూ వినే తిట్టు కొస లేకుండా ఆగిపోయేసరికి తలెత్తి చూశాడు. దుమ్ములోంచి రెండు కళ్ళు మాత్రం తెల్లగా కనిపించాయి.

"చస్తావు అనలేదేంటండీ ఇవాళ?" అన్నాడు.

పట్టాభిరామయ్య స్టోరు తలుపుకి తాళమైనా వెయ్యకుండా ఇసకలో పడి పరుగెత్తాడు. అరవైకి దగ్గరపడుతున్న మనిషి, స్టోరుకీపరు, పంచె ఎగగట్టుకుని అలా పరుగెత్తడం రేవులో ఎవరూ చూసి ఉండలేదు. ఎవరూ వెనకాల వెళ్ళనూ లేదు.

ఇంట్లో కనకదుర్గమ్మ వెండిగిన్నెలో తేనె పోసుకుని సిద్ధంగా ఉంది. ఆయన మూటని అరుగు కింద మురిక్కాలవలో విసిరేస్తే ఆవిడ చెంపలు వాయించుకుంది. స్వామి సిందూరం తొక్కుళ్ళలో పారేస్తారా, మీకేమైనా మతి పోయిందా అని చెయ్యి పట్టుకుంది.

"అది స్వామిది కాదే. రేవుది. పడవలకి పురుగు పట్టకుండా పూసేది."

సత్యవతి తండ్రి మొహంలోకి చూసింది. పిల్లని భుజాన వేసుకుని తనే ముందు వీధిలోకి నడిచింది. జట్కాలో పిల్లని అందుకోబోతే ఆయన చేతులకి ఇవ్వలేదు. గుర్రం ఊళ్ళో ఆస్పత్రి చేరేదాకా ఆయన తన ఉంగరం వేలిని పంచెకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ పిల్ల పొట్ట నొక్కి చూసి, ఏం పెట్టారని అడిగింది. కనకదుర్గమ్మ అలవాటుకొద్దీ, ఏమీ పెట్టలేదమ్మా, జడుసుకుంది అంది. డాక్టరమ్మ పిల్ల పై పెదవి వేలితో ఎత్తింది. పాలపళ్ళ చిగుళ్ళ వెంట సీసం ఒంట్లో చేరితే వచ్చే నల్లటి నీలి గీత ఒకటి సన్నగా సాగి ఉంది. అప్పుడు పట్టాభిరామయ్య చెప్పాడు. ఏ డబ్బాలోది, రోజుకి ఎన్నిసార్లు, ఎవరి చేత్తో, అన్నీ చెప్పాడు. కంపెనీ డబ్బా ఇంటికెలా వచ్చిందో కూడా, అడగకుండానే చెప్పాడు.

"అదేంటో మీకు తెలీదా?" అంది డాక్టరమ్మ.

"తెలుసమ్మా."

ఆవిడ ఆయనకి వీపు తిప్పి పిల్లకి మందు కలపసాగింది. ఇంతకంటే ఆవిడ చెయ్యెత్తి కొట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

*

ఉమ బతికింది. భేది ఉప్పులూ పాలూ పడితే కొన్నాళ్ళకి మూర్ఛలు ఆగాయి, కడుపు మెత్తబడింది. కాని పిల్ల మూగగా చూస్తుంది. వచ్చిన మాటలన్నీ ఎక్కడో పారేసుకుంది. ఆయన మంచం పక్కన కూచుని తాతా అను, తాతా అను అంటే, ఎవరీ మనిషి అన్నట్టు చూసి మొహం తిప్పుకుంటుంది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, చూడాలంది డాక్టరమ్మ. నయం కాగానే సత్యవతి ఆస్పత్రినుంచే గుడివాడ రైలెక్కింది, పుట్టింటి గడప తొక్కలేదు.

ఆయన నరసింహాచార్యుల దగ్గరికి వెళ్ళి, ఆ సిందూరం బొట్టుకే తప్ప నోట్లో వేసుకోవడానికి ఎవరికీ ఇవ్వవద్దని, ఇదివరకు తీసుకెళ్ళినవాళ్ళకి కబురు పెట్టమని చెప్పాడు. ఆచార్యులు మండిపడ్డాడు. తెచ్చింది మీరు, మెచ్చుకోళ్ళు అందుకుంది మీరు, ఇప్పుడు ఇంటింటికీ తిరిగి తన్నులు తినేది నేనా అన్నాడు. అనవలసిన మాటే. పట్టాభిరామయ్య తనే ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు తలుపులు మూసేశారు. ఒక తల్లి విన్నంతసేపూ విని, నా బిడ్డ పోయినేడు ఇలాగే పోయిందండీ అంది.

రూతు రాకపోవడంతో ఆవుపాక కంపుకొట్టిపోతోంది. చివరికి కనకదుర్గమ్మే ముక్కు మూసుకుని గడ్డివామి కిందనుంచి లాగితే గడ్డితో పాటు జానెడూ మూరెడూ కాదు, నిలువెత్తు పాము కుబుసం జారి కాళ్ళమీద పడింది. రూతుని రమ్మని కబురు పెట్టండీ అని ఆ సాయంత్రం మొగుడితో గొణిగింది.

కబురు అందింది. రూతు రాలేదు. తమ పిల్లలకి ఆ దొడ్డి మాట చెబితేనే జడుపు పుట్టుకొస్తోందని, అందుకని రానని చెప్పి పంపింది.

మర్నాడు పట్టాభిరామయ్య స్టోరులో సబ్బుల పెట్టె పగలగొట్టించాడు. మోషేని గీకుడు పనినుంచి తప్పించమని మేస్త్రీకి చెప్పాడు. మధ్యాహ్నం గంట కొట్టకముందే కుండెడు మంచినీళ్ళూ చెంబూ మోయించుకొచ్చి, పడవ నీడలో చెక్కపలక వేయించి, దాని మీద ఎర్రసబ్బులు వరసగా పెట్టాడు. పనివాళ్ళు దూరంగా నిలబడి ఇదేం కొత్త చోద్యమని చూశారు. ఎవరూ ముందుకి రాలేదు. మోషే ఒక్కడే వచ్చాడు.

"ఏంటండీ ఇది?"

"చేతులు కడుక్కోండి. కంపెనీ మీకే ఇస్తోంది."

"ఎప్పట్నించండీ?"

పట్టాభిరామయ్య సబ్బుల వరస సర్దాడు. "మొదట్నించీ" అన్నాడు.

మోషే కుడిచేత్తో సబ్బు తీసుకున్నాడు. అది జారి ఇసకలో పడింది. వంగి తీశాడు, మళ్ళీ జారింది. ముంజేయి పైకి లేస్తోంది గాని మణికట్టు దగ్గర చెయ్యి కిందికి వాలిపోతోంది. దొర చెప్పిన గుణాల్లో అది ఎన్నోదో పట్టాభిరామయ్యకి తెలుసు. ఇన్నాళ్ళూ కడుపు గురించీ మూర్ఛల గురించీ చెప్పి తిట్టాడు గాని మణికట్టు మాట ఒక్కనాడూ చెప్పలేదు. గీకే చెయ్యి, పూసే చెయ్యి, ఆ ఇంటికి ఇంత కూడు తెచ్చే చెయ్యి అది. చెంబుతో నీళ్ళు ముంచి, ముందుకి వచ్చి పొయ్యబోయాడు.

"మీరు పొయ్యకండయ్యగారూ. చెంబు అక్కడ పెట్టండి, మావాళ్ళు పోస్తారు."

ఆయన చెంబు పలక మీద పెట్టి వెనక్కి జరిగాడు. వెనకనుంచి ఇంకొకడు వచ్చి నీళ్ళు పోశాడు. మోషే ఎడంచేత్తో సబ్బు పట్టుకుని వాలిపోయిన కుడిచేతిని రుద్దుకున్నాడు. ఎర్రటి నీళ్ళు ఇసకలో ఇంకిపోతున్నాయి. రుద్దుతూ రుద్దుతూ ఆగి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"దీని వాసన నాకు తెలుసండి" అన్నాడు. "మా రూతు పొద్దున్నే మీ దొడ్లోంచి వచ్చి అన్నం పెడుతుంటే దాని చేతులకి వచ్చేది. మీ గడ్డి ముట్టుకోవాలంటే ముందు ఈ సబ్బుతో కడుక్కోవాలంట."

మోషే ఆ సబ్బుని పలక మీద పెట్టలేదు. తువ్వాలు కొంగున మూటగట్టి, పళ్ళతో ముడి బిగించి, రూతుకి చూపించాలండీ అని చెప్పి, అన్నం తినడానికి కూచున్నాడు.